మెషీన్ బిజీగా ఉంది

మనుషులకూ కంప్యూటర్లకూ పొత్తు కుదిరిన నాటినుంచీ ఇప్పటిదాకా, సరికొత్త కంప్యూటరు ముందు చేతులు కట్టుకు నిలబడి, "తల్లీ, కాస్త మెల్లగా పనిచెయ్యి, నీ మేలు మరిచిపోను" అని బతిమాలిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. మామూలు కంప్యూటరు కాదది, ముప్పై రెండు కోర్లది. ఒక్కో కోరూ ఒక్కో పందెపు గుర్రం. అలాంటిది ఆయన గోడు వినలేక కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆ రోజునుంచి తాబేలు నడక నేర్చుకుంది. నమ్మనివాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళొచ్చు. నమ్మేవాళ్ళు కొంచెం ముందుకు జరగండి. ఈ కథ ఇంతకంటే బాగా చెప్పేవాళ్ళు దొరకరు.

ఆయన్ని అందరూ నీడలాయన అంటారు. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసొకటి ఆయనకు గీతలు పంపుతుంది. ఆయన తన గదిలో కూర్చుని, ఆ గీతల్ని కంప్యూటర్లో నిలబెట్టి, గోడలు లేపి, కిటికీలకు అద్దాలు బిగించి, సాయంత్రం నాలుగింటికి ఎండ ఎటునుంచి పడుతుందో, మెట్ల నీడ ఎంత దూరం సాగుతుందో లెక్కగట్టి, అచ్చం ఫొటో తీసినట్టుండే బొమ్మ తయారుచేసి పంపుతాడు. పునాది కూడా తవ్వని ఇల్లది. అయినా ఆ బొమ్మ చూసిన ఆసామి, "ఈ బాల్కనీలో దోమలెక్కువేమోనండీ" అని అడుగుతాడు. ఓ వేసవిలో ఎవరిదో కుక్క ఆ గదిలోకొచ్చి, కంప్యూటరు తెర మీది చెట్టు నీడకు సరిగ్గా ఎదురుగా చూసుకుని పడుకుందంటే, పనితనం ఏపాటిదో మీరే ఊహించుకోండి.

ఉండేది మూడో అంతస్తులో ఒంటి గది. ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒక కుర్చీలో ఆయన కూర్చుంటాడు, రెండో కుర్చీలో ప్రింటరు కూర్చుంటుంది. వయసు యాభై నాలుగు. పెళ్ళి మాటెత్తినప్పుడల్లా చూద్దాంలే అంటూ వాయిదా వేశాడు. చివరికి వాయిదా వేసిన సంగతే మరిచిపోయాడు. అబద్ధం చెప్పడం చేతకాదు, మాట పొడిగించడం అంతకంటే చేతకాదు. "బాగున్నారా?" అని అడిగితే ఒక క్షణం ఆగి, నిజంగా బాగున్నాడో లేదో చూసుకుని మరీ జవాబు చెప్పే రకం.

ఆయన పనిలో రెండు భాగాలు. మొదటిది గీయడం. రెండోది ఆ గీసినదాన్ని బొమ్మగా ఉడకబెట్టడం. దీన్ని రెండరింగ్ అంటారు. కాలేజీ రెండో ఏడాదిలోనే గేటు దూకి బయటపడ్డవాళ్ళకు కూడా తలకెక్కేలా చెప్పాలంటే, ప్రాసెసర్లో కోర్లంటే కూలీలు. గీసేటప్పుడు ఒక్క కూలీయే పనిచేస్తాడు, ఒక పెన్సిలు పదిమంది పట్టుకోలేరు గనక. రెండరింగప్పుడు మాత్రం ఎంతమంది ఉంటే అంతమందీ తలా ఒక గోడా పంచుకుని సున్నం కొట్టేస్తారు.

ఆయన పాత మెషీన్లో కూలీలు నలుగురే. ఒక్కో బొమ్మకు మూడు గంటల పది నిమిషాలు పట్టేది. అంతసేపూ దాన్ని ముట్టుకోకూడదు. ఫ్యాను మోతకు కిటికీ మీది పావురాలు కాపురం మార్చేశాయి. గదిలో ఆ సెగ చూసి పక్క వాటా ఆవిడ, "అన్నయ్యగారూ, రెండు దుప్పట్లు ఆరేసుకోనా?" అని అడిగింది. ఆయన సరేనన్నాడు. అరగంటలో కరకరలాడుతూ ఆరిపోయాయి.

ఆ మూడు గంటలూ నీడలాయన బావ దగ్గరికి వెళ్ళేవాడు.

బావంటే అక్క మొగుడు. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆ కొట్టు బీరువాకు అన్న, గదికి తమ్ముడు. లోపల గోడలకు చక్రాలూ బెల్టులూ వేలాడుతుంటాయి, బల్లమీద నూనె డబ్బా, సూదుల డబ్బా, బల్ల పక్కన ఒక ముక్కాలిపీట. నీడలాయన గదినుంచి అక్కడికి నడక పదకొండు నిమిషాలు. ఆయన ఎప్పుడో కొలిచాడు.

అక్క పోయి నాలుగేళ్ళయింది. ఆమె ఉన్నన్నాళ్ళూ బావా బావమరుదులు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం తప్ప వేరే మాట్లాడుకున్నది లేదు. ఎందుకంటే మాట్లాడాల్సినవన్నీ ఆమే మాట్లాడేది. ఆమె పోయాక ఓ రోజు నీడలాయన ఊరికే వెళ్ళాడు.

"ఏంట్రా, పనేమైనా ఉందా?" అన్నాడు బావ.

"ఏం లేదు."

"ఏమీ లేదా?"

"లేదు."

ఇద్దరూ కూర్చున్నారు. ఎదురింటి కుళాయి కారుతోంది. ఆ చుక్కలు లెక్కపెట్టినట్టు ఇద్దరూ అటే చూశారు. ఎప్పుడు లేవాలో తెలియదు, ఎందుకు కూర్చున్నారో తెలియదు. ఐదు నిమిషాలకు నీడలాయన, "పనుంది" అని లేచి వచ్చేశాడు. పని లేదు. ఆయన జీవితంలో చెప్పిన అబద్ధాలు లెక్కవేస్తే ఇదొక్కటే దొరుకుతుంది. ఆ రాత్రి దానికి ఆయన చాలాసేపు బాధపడ్డాడు.

తర్వాతి వారం రెండరింగ్ పెట్టి వెళ్ళి, "మెషీన్ బిజీగా ఉంది బావా" అన్నాడు.

"ఎంతసేపు?"

"మూడు గంటలు."

"మరి నిలబడతావేంట్రా? కూర్చో. ఈ చక్రం పట్టుకో."

అలా కుదిరింది. కూర్చోవడానికి కారణం దొరికింది, లేవడానికి టైము దొరికింది. బావ కొట్టులో అక్క కుట్టుమిషను ఒకటుంది, నల్లది, మీది పూల బొమ్మలు చెరిగిపోయినది. సూది కిందికి దిగే క్షణానికి అడుగునున్న కొక్కెం సరిగ్గా వచ్చి దారాన్ని అందుకోవాలి. ఆ లెక్క తప్పింది. అది సరిచేయాలంటే ఒకరు చక్రాన్ని కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు అడుగున స్క్రూ బిగించాలని బావ చెప్పాడు. వారానికి నాలుగు రోజుల చొప్పున నాలుగేళ్ళుగా బిగిస్తూనే ఉన్నాడు.

"ఇంతకీ అది కుదురుతుందా బావా?"

"నీ చెయ్యి వణుకుతోందిరా. చక్రం పట్టుకోమంటే పాము పట్టుకున్నట్టు పట్టుకుంటావు. మీ అక్క నీ గురించి నాకు ముందే చెప్పాల్సింది."

"చెప్పే ఉంటుంది. నువ్వు వినుండవు."

"అదీ నిజమే."

ఇదీ వాళ్ళ సంభాషణ. మూడు గంటలకు సరిపోయేది.

ఇలా ఉండగా ఓ ఉదయం పాత మెషీన్ చిటుక్కుమని ఆరిపోయింది. బోర్డు కాలింది. ఆఫీసు మేనేజరు ఫోన్ చేసి, "మంచిదే అయింది మాస్టారూ. కొత్తది ఆఫీసే ఇస్తుంది. డెస్క్‌టాప్ ప్రాసెసరు కావాలో వర్క్‌స్టేషన్ ప్రాసెసరు కావాలో మీరే తేల్చి చెప్పండి" అన్నాడు.

నీడలాయన కంప్యూటర్లు బిగించే కొట్టుకు వెళ్ళాడు. ఆ కొట్టు నడిపే ఆవిడ్ని వీధంతా స్క్రూలక్క అంటుంది. చెవి మీద స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరుగుతుంది, పెన్సిలు పెట్టుకున్నట్టు. ప్రాసెసర్ని చేత్తో తడిమి అది ఏ నెలలో పుట్టిందో చెప్పగలదని ఆ వీధిలో అనుకుంటారు. ఆవిడ రెండు పెట్టెలు బల్లమీద పెట్టింది.

"ఇది డెస్క్‌టాపు సార్. కోర్లు పదహారు. ఒక్కో కోరూ చురుకు. గీసేటప్పుడు చెయ్యి ఇట్టా అంటే గీత అట్టా పడుతుంది. మీ బొమ్మకు నలభై ఐదు నిమిషాలు తీసుకోవచ్చు. ఇది వర్క్‌స్టేషను. ముప్పై రెండు కోర్లు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే కాస్త నిదానం, గీసేటప్పుడు మీకు కొంచెం బరువుగా అనిపిస్తుంది. కానీ అన్నీ కలిసి రెండరింగ్ మీద పడ్డాయంటే ఇరవై నిమిషాలు. మెమరీ కూడా వేరే రకం, అందులో చిన్న తప్పు దొర్లితే దానంతటదే దిద్దుకుంటుంది."

"ఏది మంచిది?"

"మంచీ చెడ్డా లేదు సార్, మీ పనేంటన్నదే లెక్క. రోజులో మీ చెయ్యి ఆడేదెంతసేపు, ఊరికే ఎదురుచూసేదెంతసేపు?"

నీడలాయన ఆలోచించాడు. ఇక్కడే ఎవరైనా సరే చిన్న మెలిక పెట్టి తప్పించుకునేవాళ్ళు. ఈయన నిజంగా లెక్కవేశాడు.

"గీసేది మూడు గంటలు. ఎదురుచూసేది ఆరు."

"ఆరా! ఇంకేం ఆలోచిస్తారు సార్? కళ్ళు మూసుకుని వర్క్‌స్టేషన్ తీసుకోండి. ఆ ఆరు గంటలూ మీకు మిగిలిపోతాయి."

ఆరు గంటలు మిగలడమంటే ఏమిటో ఆయనకు అక్కడే తట్టింది. కానీ ఎదురుచూపు కావాలని కంప్యూటరు కొట్లో ఎలా అడుగుతారు? సాయంత్రం బావ దగ్గరికి వెళ్ళాడు. మెషీనే లేదు గనక ఏం చెప్పాలో తెలియక, "మెషీన్ పోయింది బావా" అన్నాడు.

"పోతే పోయింది. కూర్చో. చక్రం పట్టుకో."

కొత్త మెషీన్ల సంగతంతా చెప్పాడు. తప్పు దిద్దుకునే మెమరీ మాట విని బావ స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"తప్పు చేస్తే దానంతటదే దిద్దుకుంటుందా? మీ అమ్మ నీకు చిన్నప్పుడే అది పెట్టించాల్సిందిరా."

"అప్పటికి రాలేదు బావా."

"ముప్పై రెండు మంది కూలీలు! ఇంత గదిలో వాళ్ళు కూర్చుంటే నువ్వెక్కడ కూర్చుంటావు?" బావ నవ్వాడు. తర్వాత చక్రంవైపు చూస్తూ అడిగాడు. "అయితే అది త్వరగా వదిలేస్తుందన్నమాట నిన్ను."

"ఇరవై నిమిషాలు."

"ఓహో" అన్నాడు బావ. మళ్ళీ స్క్రూడ్రైవరు తీశాడుగానీ ఆ సాయంత్రం నీడలాయన చెయ్యి వణుకుతోందని ఒక్కసారి కూడా అనలేదు.

మర్నాడు నీడలాయన ఆఫీసుకు రాసి పంపాడు. గీసేది మూడు గంటలు, ఎదురుచూసేది ఆరు గంటలు, అందుచేత వర్క్‌స్టేషన్. లెక్కలో తప్పు లేదు. ఎవరు చూసినా సంతకం పెట్టే లెక్క.

కొత్త మెషీన్ వచ్చింది. మొదటి రోజు రెండరింగ్ నొక్కి, చెప్పులేసుకుని, మెట్లు దిగి బయల్దేరాడు. బావ కొట్టున్న వీధి మూలకు వచ్చేసరికి పది నిమిషాలు. అక్కడే ఆగిపోయాడు. ఇంకో నిమిషంలో కొట్టు చేరతాడు. కూర్చుని, మంచినీళ్ళు తాగి, చక్రం చేతిలోకి తీసుకునేసరికి పదిహేను. ఇంకో ఐదు నిమిషాలకు "మెషీన్ బిజీగా ఉంది" అన్న మాట అబద్ధమైపోతుంది. మూలమీదినుంచే చూశాడు. బావ వీపు కనిపిస్తోంది. ముక్కాలిపీట మీద ఏమీ లేదు, ఎప్పట్లాగే ఖాళీగా ఉంచాడు. నీడలాయన వెనక్కి తిరిగి వచ్చేశాడు. గదికి చేరేసరికి బొమ్మ సిద్ధంగా ఉంది.

తర్వాత ఆయన అటు వెళ్ళలేదు. రోజుకు రెండు బొమ్మలు పోయేచోట ఐదు పోతున్నాయి. గీతలు కాస్త బరువుగా కదులుతున్నందున చేతిపని ఇంకా పెరిగింది. మేనేజరు ఆనందం పట్టలేక, "మాస్టారూ, ప్రతి బాల్కనీలోనూ రెండు కుర్చీలే వేస్తారేంటండీ, నాలుగేయండి, కుటుంబాలు కొనుక్కునే ఇళ్ళవి" అని మెసేజి పెట్టాడు. నీడలాయన నాలుగు వేశాడు. కొత్త ఫ్యాను చప్పుడే చేయదు. పావురాలు తిరిగొచ్చాయి. పక్క వాటా ఆవిడ దుప్పట్లు పట్టుకొచ్చి, తలుపు దగ్గరే చెయ్యి లోపలికి చాపి చూసి, "అయ్యో, వేడే లేదే" అని వెళ్ళిపోయింది. ఆ వారం ఆ గదిలో వినిపించిన మనిషి గొంతు అదొక్కటే.

పదిహేనో రోజున స్క్రూలక్క ఫోన్ చేసింది. కొత్త మెషీన్ అమ్మిన పదిహేను రోజుల తర్వాత ఫోన్ చేసి కుశలం అడగడం ఆవిడ అలవాటు. మనిషిది కాదు, మెషీన్‌ది.

"సార్, అంతా బాగుందా?"

నీడలాయన జవాబు చెప్పబోతే గొంతు పెగల్లేదు. రెండుసార్లు దగ్గాడు.

"గొంతు పోయిందా సార్?"

"పోలేదు. మూడు రోజులుగా వాడలేదు."

"మెషీన్ ఎలా ఉంది?"

"మరీ వేగంగా ఉంది."

"మెచ్చుకుంటున్నారా, కంప్లయింటా సార్?"

"కంప్లయింటే."

స్క్రూలక్క ఈ వ్యాపారంలో చూడని కంప్లయింటు లేదు. కీబోర్డులో తేనె పోసుకున్నవాడు, ఫ్యాను తిరక్కుండా అగ్గిపుల్ల అడ్డంపెట్టినవాడు, అందర్నీ చూసింది. ఇది మాత్రం కొత్త. ఎందుకని అడిగింది. ఆయన తనకొచ్చినట్టు చెప్పాడు, బావ కొట్టుకు పదకొండు నిమిషాలని, రానూపోనూ ఇరవై రెండని, రెండరింగ్ ఇరవై అని.

"ఊరికే వెళ్ళొచ్చు కదా సార్?"

"ఊరికే ఎలా వెళ్తారమ్మా?"

"పోనీ డెస్క్‌టాపుకు మార్చేయమంటారా? అది నలభై ఐదు తీసుకుంటుంది."

"రాకపోకలు తీసేస్తే ఇరవై మూడు మిగులుతాయి. చక్రం పట్టుకోవడానికి చాలదు."

ఏ చక్రమని ఆవిడ అడగలేదు. "సార్, రెండరింగ్ సెట్టింగుల్లో ఎన్ని కోర్లు వాడాలో మీ చేతిలోనే ఉంటుంది. నాకంటే మీకే బాగా తెలుసు. అదేం నేరం కాదు."

తెలుసు. మెషీన్ వచ్చిన రోజునుంచీ తెలుసు. కానీ పందెపు గుర్రాన్ని తెచ్చుకుని కాళ్ళు కట్టేయొచ్చని ఇంకో మనిషి నోటితో చెప్పేదాకా అది ఆయనకు కుదిరే పనిలా అనిపించలేదు. ఆ రోజు ఆఫీసుకు పంపాల్సిన బొమ్మలన్నీ పన్నెండింటిలోపు ముప్పై రెండు కోర్లతో పూర్తిచేశాడు. మర్నాటికి ఇవ్వాల్సిన బొమ్మ ఒక్కటి మిగిలింది. రెండింటికి దాన్ని పెట్టాడు. సెట్టింగులు తెరిచి ఏం చేయాలో అది చేశాడు. తెరమీద చూపించిన సమయం రెండు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు. చెప్పులేసుకున్నాడు. మెట్లు రెండేసి చొప్పున దిగాడు. ఆ వయసులో ఆ దిగుడు చూసి కింది వాటావాళ్ళు భూకంపమనుకుని పిల్లల్నెత్తుకుని వీధిలోకొచ్చారు.

కొట్లోకి వెళ్ళేసరికి బావ ఒంటరిగా ఉన్నాడు. బల్లమీద అక్క మిషను ఉంది. అడుగు మూత బిగించి ఉంది. సూదికింద ఒక పాతగుడ్డ ముక్క, దానిమీద సన్నటి కుట్టు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా, ఎక్కడా దారం తెగకుండా.

నీడలాయన ఆ కుట్టు చూశాడు.

"నువ్వు రావాయె" అన్నాడు బావ, అటు చూడకుండా. "కూర్చుని కూర్చుని, నేనే చేశా. మోకాలితో అదిమిపెడితే చక్రం కదల్లేదు. పది నిమిషాలు పట్టింది."

నాలుగేళ్ళు పట్టిన పని. ముక్కాలిపీట ఖాళీగానే ఉందిగానీ దానిమీద కూర్చోవడానికి ఇక ఈ కొట్లో పని లేదు. ఎదురింటి కుళాయి ఎవరో బాగుచేయించినట్టున్నారు, అది కూడా కారడం లేదు. నీడలాయన గుమ్మంలోనే నిలబడి తనకు తెలిసిన ఒకే ఒక మాట అన్నాడు.

"మెషీన్ బిజీగా ఉంది బావా."

"ఎంతసేపు?"

"రెండు గంటల ముప్పై ఎనిమిది. దారిలో పదకొండు అయిపోయాయి."

బావ తలెత్తాడు. "ఇరవై నిమిషాలన్నావు? ముప్పై రెండు మంది కూలీలన్నావు? ఎవరంటగట్టార్రా నీకది?"

"మంచిదే బావా. కొంతమందిని పనిలో పెట్టలేదు."

"ఎందుకని?"

అబద్ధం రాదు. నీడలాయన అక్క మిషను చక్రంవైపు చూస్తూ నిలబడిపోయాడు. బావ ఆయన్ని చూశాడు, చెప్పుల దుమ్ము చూశాడు, ఇంకేమీ అడగలేదు. చెయ్యి చాపి స్క్రూడ్రైవరు అందుకున్నాడు. మిషను పక్కకు వాల్చి, అడుగు మూతకున్న నాలుగు స్క్రూలూ ఒకటొకటిగా విప్పాడు. సరిగ్గా కుదిరిన కొక్కేన్ని వేలితో చిన్నగా పక్కకు నెట్టాడు.

"నాకు మొదటినుంచీ అనుమానంగానే ఉంది. లోపల ఏదో చప్పుడొస్తోంది" అన్నాడు. "నిలబడతావేంట్రా? పట్టుకో. గట్టిగా. పాము కాదది."

సాయంత్రం నాలుగున్నరకు నీడలాయన లేచాడు. బావ ఉండమనలేదు, మళ్ళీ రమ్మనలేదు. ముక్కాలిపీట మీద నూనె మరక పడితే తుడిచి యథాస్థానంలో పెట్టాడు, అంతే. గదికి వెళ్ళేసరికి బొమ్మ తయారై ఉంది. ఎండ సరిగ్గా ఎడమనుంచి పడుతోంది, మెట్ల నీడ ఎంత సాగాలో అంతే సాగింది. బాల్కనీలో కుర్చీలు నాలుగున్నాయి. రెండు తీసేశాడు. మళ్ళీ రెండరింగ్ పెట్టాలి. మర్నాడు మధ్యాహ్నం పెడదామని లేచి, వంట మూలలో దీపం వేశాడు.

ఆయన బతిమాలిన తీరు, కంప్యూటరు కార్చిన కన్నీరు ఇప్పుడు ఆ వీధంతా చెప్పుకుంటారు. చెప్పింది ఎవరో అడక్కండి. ఈమధ్య స్క్రూలక్క కొట్లో అదే కథ ఆయన ఎదురుగానే మొదటినుంచి చివరిదాకా, ఒక్క గుర్రం తగ్గకుండా వినిపిస్తే, నీడలాయన ఓపిగ్గా విన్నాడు. ఒక క్షణం ఆగాడు, నిజంగా అలా జరిగిందో లేదో చూసుకున్నాడు.

"కంప్యూటరు ఏడవలేదు. నేను బతిమాలలేదు. ముప్పై రెండు అని ఉన్నచోట నాలుగు అని కొట్టాను."